ఎండాకాలపు సంచులు

ట్రాన్సిస్టర్ మూడు కాళ్లనూ మీటరు బిగింపులో గుచ్చి, పట్టకారు పక్కన పెట్టి, జతల బాబాయి రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. ఇక మూడు నిమిషాలు దాని మొహం చూస్తూ కూర్చోవటమే పని. బఠాణీ గింజంత లోహపు టోపీ, దాని కింద వెంట్రుకల్లాంటి మూడు తీగలు. ఉన్నది అంతే అయినా మహా సుకుమారం. వేలు తగిలితే వెచ్చబడుతుంది, వెచ్చబడితే లేని గొప్పలు చెబుతుంది. ఆ వేడి దిగేదాకా దాని మాట నమ్మకూడదు. అందుకు మూడు నిమిషాలని బాబాయి కొలత. గడియారం చూసే అవసరం ఏనాడో పోయింది. ఎడమ మోకాలు ఒకసారి పట్టేసి వదిలితే మూడు నిమిషాలు అయినట్టు.

మోకాలు పట్టేసి వదిలింది. కళ్లజోడు పైకి తోసుకుని మీటరు చూశాడు. లీకేజీ, అంటే ఆపి ఉంచినా లోపల్నుంచి కారిపోయే కరెంటు, తొంభై ఆరు.

ఆ ట్రాన్సిస్టర్‌కు చుట్టి ఉన్న కాగితపు ముక్కను విప్పి మళ్లీ చూశాడు. ఎర్ర సిరాతో అతని చేతిరాతే. ‘లీకేజీ నాలుగు వందల పది. పనికిరాదు.’

“ఇదేమిట్రా నాయనా, చెడిపోయింది చెడిపోయినట్టు ఉండకుండా బాగుపడిందేమిటి?” అన్నాడు దానితోనే.

ఆ దుకాణం టైర్ల పంచర్లు వేసే కొట్టు మీద, మేడ పైన రేకుల గది. అందులో నుంచి బయటికి వెళ్లే సరుకు కిట్లు. అరచెయ్యి మీద పట్టే ఖాళీ అల్యూమినియం పెట్టె, ఒక బోర్డు, రెసిస్టర్లు, కండెన్సర్లు, రెండు ట్రాన్సిస్టర్లు, తొక్కటానికి ఒక కాలి స్విచ్చి, ఎలా కట్టుకోవాలో చెప్పే కాగితం. గిటారు వాయించేవాళ్లు వాటిని ఇంటికి తెప్పించుకుని, టంకం వేసుకుని, పెడల్ చేసుకుంటారు. వాయిస్తూ దాన్ని కాలితో తొక్కితే గిటారు మెత్తటి గొంతు ఒక్కసారిగా బొంగురుపోయి గర్జిస్తుంది. ఆ గర్జన అంతా ఆ రెండు ట్రాన్సిస్టర్లలోనే ఉంది. ఏ రెండు పడితే ఆ రెండు పనికిరావు. మొదటిది కాస్త నెమ్మదిది, రెండోది కాస్త దూకుడుది కావాలి. అలా చూసి జత కలపటం బాబాయి పని. పదిహేడేళ్లలో తొమ్మిది వేల పైచిలుకు జతలు కలిపాడు. అందుకే ఆ పేరు.

అంతకు ముందు అతను రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాయి, వాటి వెనకే కొట్టూ పోయింది. అప్పుడే ఈ దుకాణం పెట్టిన పెద్దాయన, మూతపడ్డ ఒక రేడియో కర్మాగారంలో గోతాలకొద్దీ పాత ట్రాన్సిస్టర్లు కొని, వాటిని ఏరటానికి బాబాయిని తెచ్చి ఈ బల్ల ముందు కూర్చోబెట్టాడు. గోడకు ఒక అట్టముక్క అంటించాడు. ‘లీకేజీ రెండు వందలు దాటితే పక్కన పెట్టు.’ పెద్దాయన పోయి ఆరేళ్లయింది. అట్టముక్క అక్కడే ఉంది.

జీవితంలో వచ్చినవీ పోయినవీ ఎప్పుడైనా తూచి చూసుకుంటే, తక్కెడ కాస్త వచ్చినవైపే మొగ్గేది. పోయినవి రేడియోల విద్య, తలమీద జుట్టు, ఒక ముందుపన్ను. వచ్చినవి చురుకైన నోరున్న భార్య, ఆసుపత్రిలో నర్సుగా కుదురుకున్న కూతురు, ఎవరి అరుపులూ వినబడని ఒక బల్ల. వీటన్నిటి మీదా మరొకటి ఉంది. బాబాయి కలిపిన జత తిరిగి రాలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. చేతిలో తప్పులేని మనిషని దుకాణంలో పేరు. ఆస్తి అంటూ ఉంటే అదే.

మంచి సరుకు పోయిన నెలతో అయిపోయింది. ఇక పాతరకం కిట్టు ఆపేసి, కొలవక్కర్లేని కొత్తరకం ట్రాన్సిస్టర్లతో కిట్లు చేద్దామని పెద్దాయన కూతురు నిర్ణయించింది. ఇప్పుడు యజమానురాలు ఆమే. పొద్దున్నే తాళాలగుత్తి ఆడించుకుంటూ వచ్చి, “బాబాయ్, ఐదింటికి పాతసామాన్లవాడు వస్తాడు. కింది అరలో నువ్వు పక్కన పెట్టిన సంచులన్నీ తీసి మెట్ల దగ్గర పెట్టెయ్. సోమవారం నుంచి ఈ బల్ల మీద అట్టపెట్టెలు మడతపెడదాం” అంది.

“సరేనమ్మా” అన్నాడు.

కానీ పారేసేదాన్ని కూడా ఒకసారి చూసి పారేసే రకం బాబాయి. పై సంచిలోంచి ఒకటి తీసి మీటరుకు పెట్టాడు. తొంభై ఆరు. ఇంకొకటి. నూట పది. ఇంకొకటి. ఎనభై ఎనిమిది. మీటరు చెడిందేమోనని, పాడైందని కచ్చితంగా తెలిసిన దాన్ని ఒకటి పెట్టి చూశాడు. అది ఎప్పటిలాగే ఏడు వందలు చూపించింది. మీటరు బాగానే ఉంది.

అప్పుడు లేచి, సంచులన్నీ నేలమీద పరిచాడు. ప్రతి సంచికీ నెల, సంవత్సరం రాసిన చీటీ ఉంటుంది. వాటిని వరసగా పేర్చాడు. చలికాలపు సంచులు ఖాళీ మేజోళ్లలా నేలకు అంటుకుపోయి ఉన్నాయి. ఎండాకాలపు సంచులు పొట్టలు బయటపెట్టుకుని కూర్చున్నాయి. ఏ ఏడు చూసినా అదే తీరు. ఇన్నేళ్లూ ఎండాకాలంలో సరుకు బాగా రావటం లేదనుకున్నాడే తప్ప, సరుకంతా ఒకే కర్మాగారంలోంచి ఒకే రోజు వచ్చిందన్న సంగతి తట్టనే లేదు.

తలెత్తి రేకులకేసి చూశాడు. ఈ చలికాలపు పొద్దున అవి చల్లగానే ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రేకుల కింద కూర్చుంటే నెత్తిమీద పెనం పెట్టుకున్నట్టే ఉండేది. తన వేలి వేడి దిగిందా లేదా అని మూడు నిమిషాలు లెక్కపెట్టుకున్నాడు గానీ, గది మొత్తం వేడెక్కి కూర్చుంటే ఆ వేడి ఎక్కడికి దిగుతుంది? ట్రాన్సిస్టర్లు మంచివే. చెడ్డది ఆ మధ్యాహ్నం.

స్టూలు మీద కూలబడి లెక్కవేసుకున్నాడు. నోరు మూసుకుంటే సాయంత్రానికి సంచులు వెళ్లిపోతాయి, సంగతీ వాటితోనే వెళ్లిపోతుంది. పేరు పేరుగానే ఉంటుంది, సోమవారం నుంచి అట్టపెట్టెలు. నోరు తెరిస్తే పేరు పోతుంది, ట్రాన్సిస్టర్లు దక్కుతాయి. పన్నెండు వందలకు తక్కువ ఉండవు. అంటే ఆరు వందల పెడల్స్. ఒక వైపు తన పేరు, ఒక వైపు ఆరు వందల గొంతులు. ఎటు తూచినా ఒకే వైపు మొగ్గుతోంది. అయినా లేవటానికి అతనికి కాసేపు పట్టింది.

యజమానురాలు అంతా విని, బల్ల అంచుకు ఆనుకుంది.

“అంటే పదిహేడేళ్లుగా మంచివి పారేశావన్నమాట.”

“పారెయ్యలేదమ్మా. పక్కన పెట్టాను.”

“ఆహా, పెద్ద తేడానే.”

“తేడా ఉంది కాబట్టే ఇవాళ దొరికాయి.”

ఆమెకు నవ్వు వచ్చింది కానీ ఆపుకుంది. తండ్రి పోలికే, బేరం దగ్గర నవ్వదు. “చూడు బాబాయ్, మీటరు మీద అంకెలు నేను అమ్మలేను. మోగాలి. ఆ సంచుల్లోంచే ఒక జత తీసి ఒక కిట్టు కట్టించు. మోగితే సంచులు ఉంటాయి, బల్ల ఉంటుంది. మోగకపోతే ఐదింటికి వాడొస్తాడు.”

“బావ చేత కట్టిస్తాను.”

“ఆయనకి పనితో ఊపిరాడటం లేదు. నువ్వే కట్టు. తప్పు నీది, కట్టే పని వేరేవాళ్లదా?”

బావ అంటే పక్కగదిలో పరీక్షలు చేసే మనిషి. ఒకప్పుడు హోటళ్లలో గిటారు వాయించినవాడు, భారీ శరీరం, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజే ఎవరు ఎవర్ని ముందు బావా అన్నారో ఇద్దరికీ గుర్తులేదు. అతను వాయించి చూసే చప్పుడు గోడ ఇవతలికి రేకు మీద ఇసుక పోసినట్టు వినిపించేది. బాబాయి ఆ గదిలోకి వెళ్లి కూర్చుని విన్నది ఎన్నడూ లేదు. తన పని అంకెతో మొదలై అంకెతో అయిపోయేది.

జత ఏరేసరికి పదకొండు. లీకేజీ పోగా, శబ్దాన్ని పెంచే బలంలో మొదటిది డెబ్బై ఎనిమిది, రెండోది నూట ఇరవై. ఇంత చక్కటి జత మంచి సరుకులోనూ అరుదే. కిట్టు విప్పి సామానంతా తెల్లకాగితం మీద పోశాడు. ఒక్కొక్క ముక్కా అతనికి ముఖపరిచయమే, చీకట్లో తడిమి చెప్పగలడు. కానీ బోర్డు మీద ఏది ఎక్కడ కూర్చోవాలో తెలియదు. ఊరందరి కొలతలూ తెలిసిన దర్జీని ఎవరి ఇల్లు ఎక్కడని అడిగినట్టయింది.

కాగితం మీద వేలు పెట్టుకుని చదువుతూ మొదలుపెట్టాడు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక, టంకం కరిగి పైకి లేచిన ఆ సన్నటి పొగ ముక్కుకు తగలగానే, చేతులకు పాత కొట్టు గుర్తొచ్చింది. అతనికంటే ముందే వేళ్లు పనిలోకి దిగాయి. రెసిస్టరు కాళ్లు వంచటం, దూర్చటం, వెనక కొంచెం విడదీయటం, టంకం చుక్క తాకించి తీసేయటం. చుక్క మెరుస్తూ చిన్న గుట్టలా నిలబడితే అతికినట్టు, బూడిద రంగుకు తిరిగితే అతకనట్టు. కండెన్సర్ల దగ్గర ఏ కాలు ఎటో రెండుసార్లు చూసుకున్నాడు. చివరగా ట్రాన్సిస్టర్లు. వాటి కాలిని టంకానికీ టోపీకీ మధ్య పట్టకారుతో గట్టిగా పట్టుకుని, వేడి పైకి ఎక్కకుండా ఆ ఇనుమే తాగేలా చేసి, ఒక్కొక్క కాలూ అతికించాడు. మధ్యమధ్య ఊపిరి బిగబట్టాడు. ఇన్నేళ్లు వీటిని వేడి తగలకుండా పెంచి, చివరికి నిప్పుతోనే అతికించవలసి వచ్చింది మరి.

ఒంటిగంటకు అన్నం డబ్బా తెరవగానే భార్య ఫోను. ఇంట్లో చొక్కాలకు కాజాలు కుట్టే మనిషి. సూది పళ్ల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది.

“తిన్నావా, లేక వాటి మొహాలే చూస్తూ కూర్చున్నావా?”

సంగతి చెప్పాడు. అవతల సూది తీసిన చప్పుడు.

“అయితే ఎండాకాలంలో చూసినవన్నీ పనికిరావని పక్కన పడేశావన్నమాట. నన్ను మొదటిసారి చూసింది కూడా ఎండాకాలంలోనే కదయ్యా!”

“ఆ రోజు వాన పడిందే. మర్చిపోయావా?”

“అదీ సంగతి! వాన నన్ను కాపాడిందో, నిన్ను కాపాడిందో. సరే గానీ, మీ దుకాణం అమ్మాయి బాగా కోప్పడిందా?”

“కట్టి మోగించమంది.”

“మోగకపోతే?”

“అట్టపెట్టెలు.”

“మడతపెట్టు. కాజాలు కుట్టి నేను బతకట్లేదా? పప్పులో ఉప్పు తక్కువైంది, చూసుకో.”

ఫోను పెట్టేశాక అతనికి బరువు కొంత దిగింది. దిగిందే గానీ పోలేదు. అట్టపెట్టెలు మడతపెట్టటం తప్పుపని కాదు. కానీ ఇన్ని గుండీల్లాంటి ప్రాణాలను తన ఎర్ర సిరాతో పనికిరావని రాశాడు. ఆ రాతను తనే కొట్టేయకపోతే వేరే ఎవరు కొట్టేస్తారు?

మధ్యాహ్నం పెట్టెలో బిగింపు. వాల్యూమ్ కంట్రోళ్లు రెండు, తీగలు గుచ్చే జాక్‌లు రెండు, చిన్న దీపం, తొమ్మిది కాళ్ల కాలి స్విచ్చి. కాళ్లు మూడు వరసలుగా, వరసకు మూడు. తొమ్మిదింటికీ తీగలు అతికించేసరికి మెడ పట్టేసింది. మూడూ యాభైకి నాలుగు మరలూ బిగించి పక్కగదిలోకి పట్టుకెళ్లాడు. వెనకే యజమానురాలు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

“రా బావా, రా. పిల్లకి తల్లివయ్యావు!” అని బావ పెడల్ అందుకుని, గిటారు తీగా ఆంప్లిఫయర్ తీగా గుచ్చి, కాలితో తొక్కి, ఒక తీగ మీటాడు.

ఏమీ లేదు. రేకు మీద ఇసుక కూడా లేదు. దీపం సైతం వెలగలేదు.

మళ్లీ తొక్కాడు. మళ్లీ మీటాడు. యజమానురాలు చేతి గడియారం చూసుకుంది. కిందినుంచి మెట్ల మీద చెప్పుల చప్పుడు. పాతసామాన్లవాడు గంట ముందే వచ్చి, తక్కెడ పక్కన పెట్టుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు.

“అక్కా, సరుకు తియ్యమంటారా?” అని అక్కణ్ణుంచే కేక వేశాడు.

“ఉండు” అంది ఆమె, బాబాయి వంక చూస్తూ.

బావ మరలు విప్పి లోపలికి తొంగిచూశాడు. పెన్సిలు చెవి మీంచి తీసి, తీగలను ఒక్కొక్కటే కదిపాడు. తర్వాత పొట్ట ఊగేలా నవ్వాడు.

“బావా, నీ టంకం చూస్తే నాకు సిగ్గేస్తోంది, ముత్యాల్లా ఉన్నాయి. కానీ ఈ స్విచ్చి ఎటు తిరిగి కూర్చుందో చూశావా? నలుచదరంగా ఉంది కదా అని ఎటు పెట్టినా ఒకటే అనుకున్నావు. గోడకేసి చూడాల్సింది గుమ్మంకేసి చూస్తోంది.”

“అంటే ట్రాన్సిస్టర్లు?”

“వాటి దాకా కరెంటు వెళితే కదా, అవి మంచివో చెడ్డవో తెలిసేది!”

బాబాయి పెట్టె లాక్కుని తన బల్ల దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. తొమ్మిది కాళ్లకూ టంకం కరిగించి పంపుతో పీల్చేశాడు, స్విచ్చిని పావు చుట్టు తిప్పాడు, మళ్లీ తొమ్మిదీ అతికించాడు. ఏడో కాలి దగ్గర వేలు చుర్రుమంది. నోట్లో పెట్టుకునే తీరిక కూడా లేదు. అవతల పాతసామాన్లవాడు బీడీ వెలిగించుకుని, మూటకు తాడు సరిచేసుకుంటున్నాడు.

ఐదుకు పది నిమిషాలు ఉందనగా బావ మళ్లీ తొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. తీగ మీటాడు.

మొదట ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో బాబాయికి తెలియలేదు. నేల నుంచి వచ్చి అరికాళ్లలో ఎక్కినట్టుంది. గోడ అవతల విన్న ఇసుక ఇది కాదు. పెద్ద తేనెటీగల గుంపు ఒకటి గదిలోకి వచ్చి, ఎవరినీ కుట్టకుండా, ఒకే మాట మీద నిలబడి పాడుతున్నట్టుంది. బావ వాల్యూమ్ కాస్త తగ్గిస్తే గుంపు దూరంగా వెళ్లి సన్నగా మూలిగింది. పెంచితే మళ్లీ మీదికి వచ్చింది. గొంతులో గరుకు ఉంది, గరుకు కింద తీపి ఉంది.

పరీక్షలో పెడల్ బాగులేకపోతే బావ పది క్షణాల్లో ఆపేస్తాడు. బాగుంటే అరనిమిషం. ఇప్పుడు కళ్లు మూసుకుని, పెన్సిలు కింద పడిపోయినా చూసుకోకుండా, ఎప్పుడో ఏ హోటల్లోనో వాయించినదేదో వాయిస్తూనే ఉన్నాడు. మెట్టు మీద పాతసామాన్లవాడు బీడీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. వేలికి బొబ్బ లేచిన సంగతి కూడా బాబాయికి తెలియలేదు.

యజమానురాలు మెట్లకేసి తిరిగింది. “ఆ పాత అట్టలూ, విరిగిన ఫ్యానూ తీసుకుపో. సంచులు అమ్మకానికి లేవు.” తర్వాత బాబాయితో, “ఎన్నున్నాయన్నావు?”

“పన్నెండు వందల పైన.”

“పొద్దున పదింటి లోపలే కొలువు. పది దాటితే ముట్టుకోకు. గోడ మీద ఆ అట్టముక్క కూడా మార్చు.”

“నాన్నగారి చేతిరాత అమ్మా.”

“ఉంచు. దాని కిందే రాయి.”

బాబాయి రాశాడు. ‘ముందు గదిని చూడు.’

అయిదున్నరకు బావ చొక్కా సరిచేసుకుంటూ వచ్చి చూస్తే, బాబాయి ఆ పెడల్‌కు రంగు వేస్తున్నాడు. కింద పంచర్ల కొట్టువాళ్లు తలుపుకు వేయగా మిగిలిన నీలం రంగు, ఒక పాత పళ్లబ్రష్షు.

“రంగు ముందు వేసి తర్వాత కట్టాలి బావా. కాగితంలో మొదటి వాక్యమే అది.”

“మొదటి వాక్యం ఎవడు చదువుతాడు?”

“ఇంటికి తీసుకెళతావా?”

“ఇంట్లో గిటారు ఎక్కడుంది? ఇక్కడే ఉండనీ. ఇక ముందు నేను కలిపే జతని దీని పక్కన పెట్టి విను. దీనికంటే తక్కువగా ఉంటే నాకు చెప్పు.”

సంచులను మళ్లీ కింది అరలో సర్ది, మీటరు కట్టేసి, బాబాయి వెలుతురు ఉండగానే ఇంటికి నడిచాడు. దారిలో ఒకటి రెండుసార్లు తన అరికాళ్లకేసి చూసుకున్నాడు.

ఆ సంచులు అయిపోవటానికి రెండు చలికాలాలు పట్టింది. రోజూ పొద్దున ఏడింటికి వచ్చి పదింటికి ఆపేవాడు. ఆ తర్వాత ఎవరూ అడగకపోయినా అట్టపెట్టెలు మడతపెట్టేవాడు. జత కుదిరిన ప్రతిసారీ పక్కగదిలోకి వెళ్లి, స్టూలు లాక్కుని కూర్చుని వినటం అలవాటైంది. రెండో చలికాలం వెళ్లిపోతుండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, భార్య కాజాలు కుడుతున్న కుర్చీ పక్కనే చాప మీద నడుం వాల్చాడు. ఆమె నాలుగు చొక్కాలు ముగించి, టీ తాగుతావా అని అడిగింది. రెండోసారి అడిగినప్పుడు, అతనిలో ఊపిరి లేదని ఆమెకు తెలిసింది.

పాతరకం కిట్టు ఆ నెలతోనే ఆగిపోయింది. నీలం పెడల్ మాత్రం పక్కగదిలో, బావ కాలికి అందేంత దూరంలోనే ఉంది. కొంటామని అడిగినవాళ్లు ఉన్నారు, బావ ఇవ్వలేదు. రెండు నాబ్‌లకూ మధ్య, రంగు ఆరిందో లేదో చూడటానికి తొందరపడి బాబాయి అదిమిన చోట, బొటనవేలి ముద్ర గీతలతో సహా అలాగే గట్టిపడిపోయి ఉంది.